పెద్దోడికి దక్షిణం

రెండు వేల పద్దెనిమిది ఆగస్టులో ఒక బ్యాంకు ప్రాంతీయ కార్యాలయం కరీంనగర్‌లోని మా ఆఫీసుకు మొండి బాకీల ఫైళ్ళ కట్ట ఒకటి పంపింది. పైన ఉన్న ఫైలు మరమగ్గాలు నడిచే ఒక చిన్న పట్టణానిది. ఆ పట్టణం పేరు రాయను. రాస్తే అక్కడివాళ్ళు వీధితో సహా పోల్చుకుంటారు. అప్పటికి నేను నల్లకోటు వేసుకుని ఇరవై ఆరేళ్ళు దాటింది. కోర్టు ఎదురు వీధిలో మాది చిన్న న్యాయ సంస్థ, ఇద్దరం భాగస్వాములం. వేణుగోపాలరావు గారు సీనియర్. నేను జూనియర్ భాగస్వామిని, అంటే తిరుగుడు పని మొత్తం నాది.

ఈ వృత్తి తెలియనివారికి కాస్త చెప్పాలి. బ్యాంకు అప్పిచ్చే ముందు తాకట్టు పెట్టే ఆస్తి నిజంగా ఆ మనిషిదేనా అని ప్యానెల్ వకీలును అడుగుతుంది. వకీలు ముప్పై ఏళ్ళ దస్తావేజులు తిరగేసి, రిజిస్ట్రారు ఆఫీసులో వెతికించి, హక్కు సరిగ్గా ఉందని రాసి సంతకం పెడతాడు. దాన్ని లీగల్ ఒపీనియన్ అంటాం. ఆ కాగితం మీద నమ్మకంతోనే అప్పు మంజూరవుతుంది. పెద్ద నగరాల్లో అయితే ఒపీనియన్ రాసేవాళ్ళు ఒకరు, దస్తావేజు తయారుచేసేవాళ్ళు ఒకరు, అప్పు మునిగాక వసూలుకు వెళ్ళేవాళ్ళు మరొకరు. మా దగ్గర అన్నీ ఒకే ఆఫీసు చేస్తుంది. పురుడు పోసిన చేత్తోనే పాడె కట్టడం అని మా సీనియర్ ఎగతాళి చేసేవారు.

జిల్లాలు విడిపోయాక తిరుగుడు మరీ ఎక్కువైంది. సోమవారం హుజూరాబాద్‌లో బియ్యం మిల్లు, బుధవారం బోథ్‌లో పత్తి జిన్నింగు మిల్లు. జైనూర్ వంటి ఏజెన్సీ మండలాల ఫైలైతే మొదటి పేజీ దగ్గరే ఆగాలి. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోవడానికి చట్టం ఒప్పుకోదు కనుక తాకట్టు ఎలా చెల్లుతుందో ముందు తేల్చుకోవాలి. నాకు ఈ తిరుగుడు ఇష్టం. కుర్చీలో కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. టీ కూడా నిలబడే తాగుతాను. ఒక ఫైలు చూస్తుండగానే చెయ్యి రెండో ఫైలు మీదికి పోతుంది. దీన్ని చురుకుదనం అని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను, నలుగురూ అలాగే మెచ్చుకున్నారు కూడా.

ఆ నేత పట్టణం ఫైలులో అప్పు తీసుకున్నది రాజేశం అనే అతను. మరమగ్గాలు కొనడానికి అప్పు తీసుకుని, తండ్రి నుంచి వచ్చిన ఇంట్లో తన వాటా తాకట్టు పెట్టాడు. ఐదేళ్ళు బాగానే కట్టాడు. ఆ తర్వాత ఆర్డర్లు తగ్గి చేతులెత్తేశాడు. ఇలాంటి తాకట్టు ఆస్తిని బ్యాంకు కోర్టులో దావా వేయకుండానే స్వాధీనం చేసుకునే చట్టం ఉంది. మొదట అరవై రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలి. అది గడిచాక ఇంటి తలుపుకు స్వాధీన ప్రకటన అంటించి, రెండు పత్రికల్లో వేయించాలి. దాన్ని మేం కాగితపు స్వాధీనం అంటాం. మనుషులు ఇంకా ఇంట్లోనే ఉంటారు. ఆ తర్వాత కలెక్టరుకు దరఖాస్తు పెట్టి పోలీసు సాయంతో ఖాళీ చేయించి తాళం వేస్తారు. ఇందులో ఎవరికైనా అన్యాయం జరిగిందనుకుంటే హైదరాబాదులోని రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు వెళ్ళాలి. దానికి నలభై ఐదు రోజులే వ్యవధి.

ఈ ఫైలు మా దగ్గరికి వచ్చేసరికే అరవై రోజుల గడువు అయిపోయింది. ప్రకటన అంటించడానికి వకీలు వెళ్ళనక్కరలేదు. అది బ్యాంకు నియమించిన అధీకృత అధికారి పని. చీఫ్ మేనేజరు హోదాకు తక్కువ కానివాళ్ళే ఆ బాధ్యత తీసుకోవాలి. మా ఫైలుకు ఆ అధికారి విఠల్‌రావు గారు. బోథ్ వైపు మనిషి, నిక్కచ్చి ఆఫీసరు, ప్రతి రెండు మాటలకొకసారి 'బరాబర్' అనేవారు. ఆ రోజు నాకు ఆఫీసులో తోచక ఆయన జీపులో ఎక్కాను. ఎక్కకపోయి ఉంటే ఈ సంగతి రాసేదాన్ని కాదు.

ఫైలులోని షెడ్యూలు, అంటే ఆస్తి వివరం, ఇలా ఉంది: ఇంటి మొత్తంలో దక్షిణపు సగం, నాలుగు వైపులా హద్దులు ఫలానా. మేం వెళ్ళేసరికి ఆ దక్షిణపు సగంలో రంగు వేసిన స్లాబు ఇల్లు, ఇనుప గేటు, మెట్ల పక్కన తులసి కోట కనిపించాయి. ఉత్తరపు సగం రేకుల షెడ్డు. అందులోంచి మగ్గాల చప్పుడు చెవులు హోరెత్తేలా వస్తోంది. విఠల్‌రావు గారు గేటుకు ప్రకటన అంటించి, ఫోటో తీయించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించుకుంటుండగా లోపలి నుంచి ఒక ఆమె బీడీల చాట పట్టుకునే బయటికి వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. పేరు సుగుణ అని తర్వాత తెలిసింది.

"ఎవలు సార్ మీరు? మా గేటుకు గా కాయిదమేంది?" అని అడిగింది.

రాజేశం బాకీ గురించి విఠల్‌రావు గారు చెప్పారు. ఆమె మొదట నవ్వింది, ఇల్లు తప్పి వచ్చామని.

"రాజేశం మా బావ. గా రేకుల షెడ్డు ఆయనది, సాంచాలు నడుస్తున్నయి సూడుండ్రి. గిది మాది. మా ఆయన అంజయ్య పన్నెండేండ్ల సంది మస్కట్ల ఎండల పని చేసుకుంట కట్టిండు. మేం ఎవల దగ్గర లోన్ తీస్కోలే."

సాంచాలంటే ఆ ప్రాంతంలో మరమగ్గాలు. విఠల్‌రావు గారు ఫైలు తెరిచి, షెడ్యూలు మీద వేలు పెట్టి, దిక్సూచి చూసినట్టు సూర్యుడి వైపు చూసి, "దక్షిణం సగం. బరాబర్ ఉన్నది మేడం" అన్నారు నాతో. కాగితం ప్రకారం ఆయన చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని. నేను ఆ దస్తావేజు నకలు అడిగి తీసుకున్నాను. ఏడేళ్ళ కిందటి భాగపంపిణీ దస్తావేజు అది. చివరి పేజీ అడుగున, రాసిన వకీలు ముద్ర ఉండే చోట నా పేరుంది.

తిరుగు ప్రయాణంలో విఠల్‌రావు గారు ఏదో మాట్లాడుతూనే ఉన్నారు, నాకు ఒక్క ముక్క తలకెక్కలేదు. ఆ దస్తావేజు రాసిన రోజు నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. అన్నదమ్ములిద్దరూ మా ఆఫీసుకు వచ్చారు. అంజయ్యకు సెలవు అయిపోయింది, మూడో రోజు విమానం. తండ్రి పోయాక పెద్దమనుషులు కూర్చుని రాసిన పంపకాల కాగితం వాళ్ళ దగ్గర ఉంది. తెల్లకాగితం బ్యాంకుకు పనికిరాదు, రిజిస్టరు చేయాలని చెప్పింది నేనే. ఆ కాగితంలో ఒకటే వాక్యం: ఎవరున్న సగం వాళ్ళదే, చెరి సమానం. దిక్కులు లేవు. వాళ్ళకు అక్కర్లేదు కూడా, ఎవరెక్కడ ఉంటున్నారో వీధి మొత్తానికీ తెలుసు. వాళ్ళు భోజనానికి వెళ్ళినప్పుడు టైపిస్టు నన్ను అడిగాడు, ఎవరికి ఏ దిక్కు రాయమంటారని.

మన దగ్గర ఇల్లు రెండుగా చీలితే పెద్దవాడు దక్షిణమో పడమరో తీసుకుంటాడు, చిన్నవాడు ఉత్తరమో తూర్పో. వాస్తు నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ కూడా ఇదే చేస్తారు. నేను రాసిన పంపకాలన్నీ ఇలాగే ఉండేవి. తల కూడా ఎత్తకుండా, "పెద్దోడికి దక్షిణం. అది కూడా అడగాలా?" అన్నాను. వాళ్ళు తిరిగొచ్చి సంతకాలు పెట్టారు. అంజయ్య ఒక్కసారి మాత్రం, "మేడం, అన్నీ సక్కగున్నయా?" అని అడిగాడు. నేను రాశాక ఇక చూసేదేముంటుంది అన్నట్టు జవాబిచ్చాను. రిజిస్ట్రారు ఆఫీసులో, చదివించుకున్నారా అని అడిగితే అందరం తలలూపాం. వారం తిరక్కుండానే అదే దస్తావేజు మీద, రాజేశం వాటాకు హక్కు సరిగ్గా ఉందని బ్యాంకుకు ఒపీనియన్ రాసింది కూడా నేనే. ఆ ఇంటికి వెళ్ళి చూడలేదు.

సంగతి మర్నాడు పొద్దున్నే సీనియర్ గారికి చెప్పాను. ఆయన చేతిలోని పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత అన్న మాటలు ఇవి.

"చూడు సరోజా. నువ్వు బ్యాంకు వకీలువు. ఆమెకు నీ నోట్లకెళ్ళి ఒక్క సలహా పోయినా బార్ కౌన్సిల్ ముందు నిలబడాలె. ఆమె ఇంకో వకీలును పెట్టుకుంటది, ట్రిబ్యునల్‌కు పోతది, ఉన్నది చెప్పుకుంటది. మనమెందుకు మన మెడకు మనమే ఉరి బిగించుకోవాలె?"

ఆయన చెప్పిందాంట్లో తప్పులేదు. బ్యాంకులన్నీ కలిసి ఒక హెచ్చరిక జాబితా నడుపుతాయి. తప్పుడు ఒపీనియన్ ఇచ్చిన వకీళ్ళు, తప్పుడు విలువ కట్టిన ఇంజినీర్లు అందులోకి ఎక్కుతారు. ఒక బ్యాంకు ఎక్కిస్తే మిగతావన్నీ పని ఆపేస్తాయి. మా ఆఫీసు అద్దె, ఇద్దరు గుమాస్తాల జీతాలు, ఆయన భార్య డయాలసిస్ అంతా ప్యానెల్ పని మీదే నడుస్తోంది. ఆయనకు కోపం రాలేదు. భయపడ్డారు. అది నాకు కోపం కంటే కష్టంగా తోచింది.

అక్కడి నుంచి నా బతుకు ఆ నలభై ఐదు రోజుల లెక్కలో పడింది. సుగుణ ట్రిబ్యునల్‌కు వెళ్ళిందా లేదా అని రోజూ ఆరా తీయాలనిపించేది. తీస్తే ఎవరి తరఫున తీస్తున్నట్టు? ఆమెకు గడువు సంగతి తెలుసా? చెప్పడం నా నోటికి నిషిద్ధం. వీధిలోవాళ్ళు ఎవరైనా చెప్పి ఉంటారా? పదో రోజున సిగ్గు విడిచి ఆ పట్టణం మీదుగా కారు పోనిచ్చాను. గేటుకు కాగితం లేదు. చింపేసింది. జిగురు మరకలు మాత్రం ఉన్నాయి. కాగితం చింపితే గండం పోయిందనుకునేవాళ్ళను నేను ఎందరినో చూశాను. కారు ఆపకుండా వచ్చేశాను.

పద్దెనిమిదో రోజున మాత్రం వెళ్ళడానికి సరైన కారణం దొరికింది. అప్పుతో కొన్న యంత్రాలు కూడా బ్యాంకుకు హామీగా ఉంటాయి, వాటి జాబితా సరిచూడాలి. షెడ్డులోకి వెళ్ళాను. ఎనిమిది సాంచాల్లో మూడే నడుస్తున్నాయి. రాజేశం నన్ను గుర్తుపట్టి, దగ్గరున్న సాంచ ఆపి, తుండుతో స్టూలు తుడిచి కూర్చోమన్నాడు. యాభై దాటిన మనిషి, నూలు దుమ్ముతో కనుబొమలు తెల్లబడి ఉన్నాయి. నేను కూర్చోలేదు. ఉత్తరం వైపు తను ఎందుకున్నాడని అడిగాను.

దానికి వాస్తుతో పనిలేదు. రోడ్డు ఉన్నది ఉత్తరం వైపు. నూలు చుట్టిన బీములు ట్రాలీ ఆటోలో వస్తాయి, అవి దిగాలంటే రోడ్డు మీదికి వెడల్పు తలుపుండాలి. పెద్దవాడైనా తనే తమ్ముణ్ణి అడిగి రోడ్డు వైపు సగం తీసుకున్నాడు. ఇంత సులువైన సంగతి. ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది.

మరి అప్పుకు ముందు బ్యాంకు ఇంజినీరు వచ్చి విలువ కట్టినప్పుడు ఏం చేశావని అడిగాను. రాజేశం తల దించుకున్నాడు. ఇంజినీరు నా షెడ్యూలు చూసుకుంటూ దక్షిణం వైపు స్లాబు ఇల్లు కొలిచాడు. సుగుణ ఇంటి పన్నువాళ్ళనుకుంది. రాజేశానికి మాత్రం అర్థమైంది.

"అడ్డం చెప్పలే మేడం. అబద్ధమెందుకు ఆడాలె. స్లాబు కొలిస్తే లోన్ పెద్దగ వస్తదనుకున్న. కడ్తగద, ఎవలకు తెలుస్తదిలే అనుకున్న. గిప్పుడు నా మరదలు మొకం సూడలేకపోతున్న. తమ్ముడు ఫోన్ జేస్తే ఎత్తుతలేను."

ఆ మనిషి మీద నాకు ఒళ్ళు మండింది. నా మీద ఇంకా ఎక్కువ మండింది. అతను ఒక రోజు నోరు మూసుకున్నాడు, నేను అడగాల్సిన రోజు అసలు నోరే తెరవలేదు.

ఇరవై ఏడో రోజున విఠల్‌రావు గారి నుంచి కబురు వచ్చింది, కలెక్టరు దరఖాస్తు తయారుచేయమని. ఆ దరఖాస్తుతో పాటు అధీకృత అధికారి తొమ్మిది అంశాల మీద ప్రమాణపత్రం ఇవ్వాలి. బాకీ ఎంత, నోటీసు ఎప్పుడు ఇచ్చాం, ఆ ఆస్తి మీద బ్యాంకుకు చెల్లుబాటయ్యే హామీ హక్కు ఉందా, ఇలాంటివి. దాన్ని టైపు చేయించేది వకీలు, ప్రమాణం చేసేది అధికారి. ఆ హామీ హక్కు వాక్యం ఇదివరకు వందసార్లు కళ్ళు మూసుకుని చెప్పి రాయించాను. ఆ రోజు దాని దగ్గర ఆగిపోయాను. లేచాను, వరండాలో తిరిగాను, మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఈ వాక్యం తప్పని నాకు తెలుసు, ప్రమాణం చేయబోయే మనిషికి తెలియదు. ఆయన చేత అబద్ధపు ప్రమాణం చేయించే హక్కు నాకు ఎవరిచ్చారు?

దారి అక్కడే కనిపించింది. సుగుణకు నేను సలహా ఇవ్వకూడదు, నిజమే. కానీ నా కక్షిదారుకు, అంటే బ్యాంకుకు, నాకు తెలిసిన నిజం చెప్పడం నా విధి. దాన్ని ఏ బార్ కౌన్సిలూ తప్పు పట్టదు. దరఖాస్తు బదులు ఒకటిన్నర పేజీల ఉత్తరం రాశాను. పంపిణీ దస్తావేజులో దిక్కులు అన్నదమ్ములు చెప్పినవి కావు, నేను ఊహించి రాయించినవి. అన్నదమ్ములు నిజంగా ఉంటున్న భాగాలు ఇందుకు విరుద్ధంగా ఉన్నాయి. నా ఒపీనియన్ ఆ మేరకు తప్పు. ఈ ఫైలు నుంచి నేను తప్పుకుంటున్నాను. రాజేశం స్లాబు సంగతి దాచాడన్నది మాత్రం రాయలేదు. అది నా తప్పుకు సాకులా కనిపిస్తుందనిపించింది. సరిగ్గా చేశానో లేదో ఇప్పటికీ చెప్పలేను.

సంతకం పెట్టే ముందు సీనియర్ గారికి చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, ఒక కామా సరిచేసి ఇచ్చారు. ఆ నెలాఖరుకు భాగస్వామ్యం రద్దు పత్రం కూడా ఆయనే రాశారు, పొల్లు పోకుండా.

ఉత్తరం తీసుకుని నేనే స్వయంగా విఠల్‌రావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదువుతుంటే మెడ ఎర్రబడడం చూశాను.

"పరేషాన్ చేసిన్రు మేడం. గీ కాయిదం నా టేబుల్ మీద ఉండంగ నేను ప్రమాణం ఎట్ల చేస్త? చేస్తే రేపు నా నౌకరి పోతది. చేయకపోతే గీ లోన్ ఎట్ల వసూలైతది?"

దరఖాస్తు అక్కడితో ఆగింది. పై ఆఫీసు కొత్త వకీలును పెట్టింది. ఆయన ఒకటే మార్గం చూపించాడు: అన్నదమ్ములిద్దరూ సవరణ దస్తావేజు రాసుకుని ఉత్తరం రాజేశానిదని ఒప్పుకుంటే, బ్యాంకు దక్షిణం వదిలి ఉత్తరం తీసుకుంటుంది. లేకపోతే రిజిస్టరైన కాగితాన్ని పట్టుకుని పోరాడుతుంది. కాగితం మీద అంజయ్య సంతకం ఉంది. నేను తప్పు ఒప్పుకుంటూ లేఖ రాసినంత మాత్రాన సుగుణ గెలుస్తుందని ఏమీ లేదు. ఆమె నలభై ఐదు రోజుల్లోపే హైదరాబాదు వకీలును పట్టుకుని ట్రిబ్యునల్‌లో వేసింది, ఆ కబురు విన్నాక నాకు కాస్త ఊపిరాడింది. కానీ అది ఏళ్ళ తరబడి సాగే పోరు. మస్కట్ జీతం ఆ ఫీజులకే కరిగిపోతుంది.

కాబట్టి విషయం మొత్తం రాజేశం సంతకం మీద నిలిచింది. పెట్టకపోతే ట్రిబ్యునల్ తగువు తేలేదాకా షెడ్డూ సాంచాలూ ఇంకొన్నేళ్ళు చేతిలో ఉంటాయి. పెడితే వెంటనే పోతాయి. అతను కుదరదని ఒకసారి, చూద్దామని ఒకసారి అన్నాడట. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది. నాకు ఈ ఫైలుతో సంబంధం తెగిపోయింది. అయినా ఆ వైపు బస్సు కనబడితే చాలు, ఏం తేలిందోనని మనసు పీకేది. అప్పటికే నా పేరు హెచ్చరిక జాబితాలోకి ఎక్కింది. ఒక్కొక్క బ్యాంకు ఒక్కొక్క ఉత్తరం పంపి ఫైళ్ళు వెనక్కి తీసుకుంది. నేను ఒకే గది ఆఫీసు తీసుకుని వీలునామాలు, అద్దె ఒప్పందాలు రాసుకోవడం మొదలుపెట్టాను.

డిసెంబరులో రాజేశమే ఫోను చేశాడు. సంతకం పెడుతున్నానని, రమ్మని. అంజయ్య తరఫున సంతకం పెట్టడానికి సుగుణకు అధికారపత్రం మస్కట్‌లోని మన రాయబార కార్యాలయం ముద్రతో వచ్చిందట. దస్తావేజు రాసింది బ్యాంకు కొత్త వకీలు. నేను సాక్షిని మాత్రమే. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో సుగుణ ఒక పక్క, రాజేశం ఇంకో పక్క నిలబడ్డారు. సంతకానికి ముందు అతను కాగితాలు నా చేతిలో పెట్టాడు.

"గీసారి మొత్తం చదువుండ్రి మేడం. ఒక్క అక్షరం ఇడ్సిపెట్టకుండ."

చదివాను. నాలుగు పేజీలు, నిలబడి, గట్టిగా. ఉత్తరం అన్న చోట అతను తలూపాడు. దక్షిణం అన్న చోట సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో, ఊపిరి బిగబట్టిందో నాకు తెలియలేదు. ఆమె వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "ఇల్లు మిగిలింది మేడం. గంతే. మా బావకు బువ్వ పెట్టేది ఇగ మేమే" అంది. కృతజ్ఞత చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు.

వేసవిలో షెడ్డు వేలం పోయింది. సాంచాలు పాతసామాను కొనేవాడు తూకానికి తీసుకెళ్ళాడు. రాజేశం అదే వీధిలో వేరే ఆసామి దగ్గర కూలికి కుదిరాడు. నేను ఒకసారి కలిశాను, అదే చివరిసారి. తప్పంతా నాదేనని, దాన్ని సరిచేయడానికి చేతనైంది చేశానని ఏదో చెప్పబోయాను. అతను కోపం లేకుండానే ఆపాడు.

"మీరు మొదాల్నే రేకుల షెడ్డు నాదని రాసుంటే, బ్యాంకోళ్ళు రెండు సాంచాలకు ఇద్దురు మేడం. రెండిటి లోన్ నేను కడ్దును. స్లాబు సూసి ఎనిమిదికి ఇచ్చిన్రు."

అప్పటిదాకా నా తప్పు వల్ల నష్టపోబోయింది సుగుణ ఒక్కతే అనుకున్నాను. అసలు మోయలేని ఆ అప్పు పుట్టిందే నా షెడ్యూలు వల్ల అని, ఏళ్ళ తరబడి అప్పుల ఫైళ్ళే చూస్తూ వచ్చిన నాకు తట్టలేదు. సాంచ మీద నిలబడి పనిచేసే మనిషికి తట్టింది.

ఆ తర్వాత కోటు పక్కన పెట్టేదాకా, ఇంటి ముందు నిలబడి అందులో ఉంటున్నవాళ్ళను అడగకుండా ఒక్క షెడ్యూలు కూడా రాయలేదు. అది పని నేర్పిన పాఠం, ఏ వకీలుకైనా చెబుతాను. రెండో సంగతి చెప్పడం కష్టం. తప్పు ఒప్పుకోవడం, దాన్ని సరిదిద్దడం ఒకటి కావు. ఒప్పుకోవడం నా చేతిలో ఉంది, ఉత్తరం రాసి ఒప్పుకున్నాను. సరిదిద్దింది రాజేశం, తన సాంచాలు ఇచ్చి.